కుట్టిన చేతికి ఒక పేరుంది
(పరిశోధక విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



1953 సెప్టెంబర్ 12న అమెరికాలోని న్యూపోర్ట్‌లో జాన్ ఎఫ్. కెనడీ, జాక్వెలిన్ బూవియర్‌ల పెళ్లి జరిగింది. ఆ పెళ్లి గౌను ఫొటోలు ప్రపంచమంతా చూసింది. దాన్ని కుట్టిన నల్లజాతి మహిళ పేరు మాత్రం చాలామందికి తెలియలేదు. ఆమె పేరు యాన్ లో.

పెళ్లికి పది రోజుల ముందు యాన్ స్టూడియోలో నీళ్ల పైపు పగిలింది. పెళ్లికూతురి గౌనూ, తోడు పెళ్లికూతుళ్ల గౌన్లలో చాలావరకూ పాడైపోయాయి. మళ్లీ బట్ట కొని, మళ్లీ కత్తిరించి, మళ్లీ కుట్టారు. 700 డాలర్లు మిగలాల్సిన చోట 2,200 డాలర్లు నష్టపోయారు. పెళ్లివారికి ఆ మాటే చెప్పలేదు. గౌన్లు తీసుకెళ్తే వెనక గుమ్మం నుంచి రమ్మన్నారు. అలాగైతే గౌన్లు వెనక్కి తీసుకుపోతానన్నారు యాన్. ముందు గుమ్మం నుంచే లోపలికి వెళ్లారు.

ఆమె అలబామాలో పుట్టారు. బానిసత్వంలో పుట్టిన అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి ఆమెకు సూది పని వచ్చింది. 1917లో న్యూయార్క్‌లో డిజైన్ స్కూల్లో చేరితే వేరే గదిలో ఒంటరిగా కూర్చోబెట్టారు. ఆమె కుట్టిన బట్టల్ని మాత్రం తెల్ల విద్యార్థులకు నమూనాగా చూపించారు. పని తరగతిలోకి వెళ్లింది, మనిషి వెళ్లలేదు.

మిత్రులారా, ఈ కథ మనకు కొత్తా? జాతి, కులం ఒకటే అని నేను అనను. కానీ పనిని తీసుకుని మనిషిని బయట నిలబెట్టడం మనకు బాగా తెలుసు. కులం శ్రమను మాత్రమే కాదు, శ్రామికుల్నే విభజిస్తుందని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో చెప్పారు. అంతకుముందే, 1927 డిసెంబర్‌లో మహాడ్‌లో మన స్త్రీలతో మాట్లాడుతూ, అంటరానితనాన్ని పట్టిచ్చే కట్టూబొట్టూ వదిలేయమన్నారు. బట్ట అలంకారమే కాదు, ఆత్మగౌరవం కూడా అని ఆయనకు తెలుసు.

యాన్ కంటే ముందు ఎలిజబెత్ కెక్లీ ఉన్నారు. బానిసగా పుట్టి, సూదితో పదిహేడు మంది కడుపు నింపారు. 1855లో 1,200 డాలర్లు కట్టి తననూ కొడుకునూ విడిపించుకున్నారు. ఆ డబ్బు అప్పిచ్చిన ఖాతాదారులకు బట్టలు కుట్టి బాకీ తీర్చారు. తర్వాత అధ్యక్షుడు లింకన్ భార్యకు గౌన్లు కుట్టారు. 1868లో తన జీవితాన్ని సొంత పేరుతో పుస్తకంగా రాస్తే, ఆమెను మెచ్చుకున్న తెల్లవాళ్లే దూరమయ్యారు. ఆమె కుట్టు కావాలి, ఆమె మాట వద్దు.

1961లో ఒక పత్రిక ఆ పెళ్లి గౌను గురించి రాస్తూ, పేరు లేకుండా 'నల్లజాతి కుట్టుపని మనిషి' అని వదిలేసింది. యాన్ ఊరుకోలేదు. నొచ్చుకుని జాక్వెలిన్‌కే ఉత్తరం రాశారు. ఆమె అడిగింది దయ కాదు, తన పేరు.

ఇవాళ ఆమె గౌన్లు అమెరికాలోని పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి, పక్కనే పేరుతో. కాబట్టి పరిశోధకులైన మనకు పని ఉంది. చీర గురించి రాస్తే నేసినవాళ్ల పేరు అడుగుదాం. చెప్పు గురించి రాస్తే కుట్టినవాళ్ల పేరు అడుగుదాం. ముందు మన ఇంట్లో అమ్మమ్మల్ని అడుగుదాం.

జై భీమ్. జై సావిత్రి.