పులసకు ఏ నీళ్లు మంచివి?

శుక్రవారం సెలవు పూట నిద్ర మానుకొని ఖతార్‌లోని ఈ బర్వా అల్ బరాహా దాకా వచ్చిన మీ ముందు చేపల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు నవ్వారు. సాహిత్య సభాధ్యక్షుడికి చేపలతో ఏం పని? ఉంది. గోదావరి మీద పాటలకూ పద్యాలకూ మనకు కరువు లేదు. ఆ నీళ్లలో ఏముందో రాసింది మాత్రం తక్కువ. పులస విషయంలో మరీ అన్యాయం, రాసిందంతా పులుసు గురించే.

పులసలాగే ఎదురీదే సాల్మన్ చేప ఎక్కివచ్చే వాగుల్ని పడమటి దేశాల్లో శ్రద్ధగా పరీక్షిస్తారు. నీటి వేడి, కరిగిన ఆక్సిజన్, మడ్డి చూస్తారు. అడుగున ఉన్న రాయి పైకెత్తి, దాన్ని పట్టుకొని బతికే పురుగుల్ని లెక్కబెడతారు. ఆ చేప గులకరాళ్లలో గుంట చేసి గుడ్లు పెడుతుంది. రాళ్ల సందుల్లో ఒండ్రు కూరుకుపోతే గుడ్లకు ఆక్సిజన్ అందదు. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే దానికి కష్టకాలమే.

ఆ కొలబద్దే తెచ్చి ధవళేశ్వరం దగ్గర పెడితే గోదావరి ఫెయిలవుతుంది. నీటి తేటను చూడటానికి నలుపు తెలుపు రంగులు వేసిన పళ్లేన్ని తాడుకట్టి దించుతారు, ఎంత లోతున మాయమైతే అంత తేట అని. వరద గోదావరిలో అది దించీ దించగానే కనబడదు. అయితే సాల్మన్‌కు చేటైన ఆ ఎర్రనీరే పులసకు పిలుపు. జులై, ఆగస్టుల్లో సముద్రం విడిచి, ఆ ఒరవడికి ఎదురీదుతూ వశిష్ఠ, గౌతమి పాయల్లోకి వస్తుంది. దాని గుడ్లు నీళ్లలో కొట్టుకుపోతూ పొదుగుతాయి. గులకరాళ్లతో దానికి పనిలేదు, పారే మంచినీళ్లు కావాలి. (వలస వచ్చిన మనల్ని పులసతో పోల్చే పని కవిసమ్మేళనానికి వదిలేస్తున్నాను.)

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చేపలకు పనికొచ్చే నీటిని ‘డి’ తరగతి అంది. లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్, పి.హెచ్. 6.5 నుంచి 8.5 ఉండాలి. సీసాలో పట్టిన నీరు ఈ పరీక్ష నెగ్గవచ్చు. చేపకు దారి ఉందో లేదో సీసా చెప్పదు. ఆ దారికి అడ్డంగా ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852కు పూర్తయింది. డెల్టా అన్నం తిన్నది దానివల్లే, కాదనను. ఇప్పుడున్నది ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాల బ్యారేజి. గంగ మీద 1975లో ఫరక్కా వచ్చాక అలహాబాదు వైపు ఇదే చేప వెళ్లడం దాదాపు ఆగిపోయింది. అమెరికాలో క్లామత్ నది మీద నాలుగు డ్యాముల కూల్చివేత 2024లో ముగిస్తే, ఆ అక్టోబరుకే సాల్మన్ పైకి ఎక్కింది. మన బ్యారేజిని తీసేయమనడం మతిలేని మాట. గేట్లు ఎప్పుడు ఎత్తుతున్నారో, దిగువ పాయల్లో నీరు ఎన్నాళ్లు పారుతోందో చేపను దృష్టిలో పెట్టుకొని లెక్క రాయమనడం మతిలేనిది కాదు.

మనం వలస వచ్చిన ఈ ఖతార్‌లో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. కుళాయిలో వచ్చేది ఎక్కువగా ఉప్పు తీసిన సముద్రపు నీరే. నీళ్లలో ఉప్పు కొలిచే పని తెలిసినవాళ్లు మనలో ఉన్నారు. అంతర్వేది, నరసాపురం, యానాం వైపు వల వేసే అన్నలూ మేనమామలూ ఉన్నవాళ్లూ ఉన్నారు. ఈ ఎర్రనీటి కాలంలో వాళ్లకు ఫోన్ చేసి అడగండి: వరద ఏ రోజు తగిలింది, పులస ఏ పాయలో పడింది, చేపకు గుడ్డు ఉందా? వాళ్ల మాట వాళ్ల యాసలోనే రికార్డు చేసి పంపండి. మన పత్రిక తర్వాతి సంచికలో కథల కంటే ముందు అవే వేద్దాం. కథకులు నన్ను క్షమించాలి. ఇక మొదటి పత్రం చదవాల్సిన మిత్రుణ్ణి వేదిక మీదికి రమ్మని కోరుతున్నాను.