రాష్ట్రపతి ఎన్నికలో అంతరాత్మ ఓటు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయమున దినపత్రికలు చదువుచున్న మీ యెదుట రాజకీయములను గూర్చి మాట్లాడుట సాహసమే. అయినను కార్యదర్శిగారు నాకొక ప్రశ్న వ్రాసి పంపిరి. రాష్ట్రపతి ఎన్నిక జరిగినపుడెల్ల పత్రికలలో ‘క్రాస్ ఓటింగు’ అను మాట కనబడుచున్నది; ఒక పార్టీ గుర్తుపై గెలిచినవాడు మరియొక పక్షపు అభ్యర్థికి ఓటు వేయవచ్చునా, వేసినచో వానినేమి చేయుదురు, అని వారి ప్రశ్న. వేయవచ్చును, వానినేమియు చేయజాలరు. ఇంత చెప్పి నేను కూర్చుండవచ్చును గాని, మీరు నన్నింతదూరము పిలిపించినది రెండు ముక్కలకు కాదుగదా!

రాష్ట్రపతిని మనము నేరుగా ఎన్నుకొనము. పార్లమెంటు ఉభయ సభలకును, రాష్ట్ర శాసనసభలకును ఎన్నికైన సభ్యులు మన పక్షమున ఎన్నుకొందురు. ఓట్లన్నియు ఒకే విలువ గలవి కావు. రాష్ట్ర జనాభాను శాసనసభ్యుల సంఖ్యచే భాగించి, వచ్చినదానిని మరల వేయిచే భాగించినచో ఒక్కొక్క శాసనసభ్యుని ఓటు విలువ తేలును. 2022 ఎన్నికలో తెలంగాణ శాసనసభ్యుని ఓటు 132, ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుని ఓటు 159, పార్లమెంటు సభ్యుని ఓటు 700. అభ్యర్థుల పేర్ల కెదురుగా 1, 2, 3 అని ఓటరు తన యిష్టక్రమమును వ్రాయవలెను. ఇదంతయు రహస్యము. కలము సిరానుబట్టి ఓటును గుర్తుపట్టకుండుటకై 2017 నుండి ఎన్నికల సంఘమే ఊదారంగు సిరా కలములను ఇచ్చుచున్నది. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిషేధ చట్టము ఈ ఎన్నికకు వర్తింపదు; పార్టీలు విప్పు జారీ చేయరాదు.

నేను నివసించునది హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రక్కనున్న తార్నాక. పూర్వమచట తీగ కంచెయు, దానికొక కావలి నాకాయు నుండెడివనియు, అందుచే ఆ పేరు వచ్చినదనియు పెద్దలు చెప్పుదురు. శాసనసభలో సభ్యుడు వేయు ఓటునకు పార్టీవారు కట్టిన తీగయు, పెట్టిన నాకాయు కలవు. రాష్ట్రపతి ఎన్నికకు ఆ రెండును లేవు.

ఈ స్వేచ్ఛ ఎంతదూరము పోగలదో 1969లో దేశము చూచినది. ఆ పోటీలో ముఖ్యులిద్దరును తెలుగువారే. ఆ యేడాది ఉస్మానియా ప్రాంగణము ప్రత్యేక తెలంగాణ ఉద్యమముతో అట్టుడికిపోయెను. అందుచేత మా ప్రాంతపు పెద్దలకు 1969 అనగానే లాఠీలును కర్ఫ్యూలును జ్ఞాపకము వచ్చును గాని, రాష్ట్రపతి ఎన్నిక రాదు.

1969 మే 3న రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ పదవిలో నుండగనే మరణించిరి. వారు హైదరాబాదున జన్మించినవారు. ఉపరాష్ట్రపతి వరాహగిరి వేంకటగిరి తాత్కాలిక రాష్ట్రపతియైరి. బరంపురపు తెలుగు కుటుంబమున పుట్టి, కార్మికోద్యమమున పేరుగాంచిన పెద్దమనిషి ఆయన. జూలైలో బెంగుళూరున కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు సమావేశమై, అనంతపురము జిల్లా ఇల్లూరు వాస్తవ్యులును, ఆంధ్రప్రదేశ్ ప్రథమ ముఖ్యమంత్రియు, అప్పటి లోకసభ స్పీకరును అయిన నీలం సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిర్ణయించినది. ప్రధాని ఇందిరాగాంధీకి ఆ నిర్ణయము రుచింపలేదు. అయినను సంజీవరెడ్డిగారి నామినేషను పత్రముపై ఆమెయే సంతకము చేసిరి. గిరిగారు పదవికి రాజీనామా యిచ్చి స్వతంత్రులుగా నిలిచిరి. జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణము ప్రకటింపబడెను. కాంగ్రెసు అధ్యక్షులు నిజలింగప్ప రెండవ ప్రాధాన్యపు ఓట్లకై జనసంఘ, స్వతంత్ర పార్టీల నాయకులతో మాట్లాడిరి. ఆ పార్టీల అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. దీనిని కారణముగా చూపి ఇందిరాగాంధీ విప్పు జారీ చేయ నిరాకరించి, సభ్యులు అంతరాత్మ ననుసరించి ఓటు వేయవలెనని పిలుపునిచ్చిరి.

ఆగస్టు 16న ఓట్లు పడినవి, 20న లెక్కించిరి. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చినవి. గెలుపునకు కావలసినది 4,18,169. ఎవరికిని అంత రాలేదు. తక్కువ వచ్చినవారిని వరుసగా తొలగించి వారి ఓట్లను తరువాతి ప్రాధాన్యము ప్రకారము పంచగా, గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 తేలినవి. భేదము 14,650. నాడు పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. గిరిగారి పక్షమున నున్న సభ్యులలో పదముగ్గురు అటునుండి ఇటు వచ్చియుండినచో రాష్ట్రపతి సంజీవరెడ్డిగారే! యాబది కోట్లకు మించిన జనము గల దేశమునకు పదముగ్గురు!

ఈ పదముగ్గురి లెక్కయే నన్ను బాధించునది. దూరదూరముగా గెలిచిన ఎన్నికలో నలువది మంది మాట తప్పినను ఫలితము మారదు. పోటీ దగ్గరపడినపుడు ఒక్కొక్కరి ఓటునకు వెల పెరుగును. ఆ సమయముననే వాని మనస్సులో ఏమున్నదో మనకు తెలియకపోవును. 1969లో గిరిగారికి ఓటు వేయుదుమని ముందుగనే బహిరంగముగా చెప్పిన కాంగ్రెసువారు కొందరు కలరు. వారిని విశ్వాసఘాతకులని నేననను. పార్టీతో విభేదించుట ద్రోహము కాదు. మిగిలినవారి సంగతి యేమి? వారిలో ఎవరిని అంతరాత్మ పిలిచినదో, ఎవరిని పదవి పిలిచినదో చెప్పగలవారు లేరు. అంతరాత్మకు ఇంతమందిలో, ఒకే వారమున, ఒకే నాయకురాలి పిలుపుపై మేల్కొను అలవాటున్నదని మన పెద్దలెవ్వరును చెప్పియుండలేదు. అట్లని రెండవ పక్షమును నేను పొగడను. తాము ఎన్నికలలో ఎదిరించిన పార్టీలను ఓట్లడుగుటయు ఓటరునకు చెప్పి చేసిన పని కాదు.

ఆ ఎన్నికపై సుప్రీంకోర్టులో దావాలు పడినవి. సంజీవరెడ్డిగారిని నిందించు కరపత్రమొకటి సభ్యులకు పంచిరని ముఖ్యమైన ఆరోపణ. 1970లో పదవిలోనున్న రాష్ట్రపతి గిరిగారు స్వయముగా న్యాయస్థానమునకు వచ్చి సాక్ష్యమిచ్చిరి. దావాలు కొట్టివేయబడినవి. కాంగ్రెసు అంతకుముందే, 1969 నవంబరులో, రెండుగా చీలినది.

అమెరికాలోను ఈ చిక్కు కలదు. అచట అధ్యక్షుని ఎన్నుకొనుటకే 538 మంది ఎలెక్టర్లను ఎన్నుకొందురు. 270 ఓట్లు రావలెను. 2000లో జార్జి బుష్‌కు వచ్చినవి 271. ఇద్దరు మాట తప్పియుండినచో ఆధిక్యము పోయి, నిర్ణయము ప్రతినిధుల సభకు పోయెడిది. 2016లో ఏడుగురు తప్పిరి. వాషింగ్టన్ రాష్ట్రమువారు తమ నలుగురికి తలకు వేయి డాలర్లు జరిమానా వేయగా, 2020 జూలైలో అచటి సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా దానిని సమర్థించినది. అచటి ఎలెక్టరు ఆ ఒక్క ఓటునకే పుట్టినవాడు; మాట నిలుపుకొనుట తప్ప వానికి వేరు పని లేదు. మన శాసనసభ్యుడు అట్టివాడు కాడు.

2025 సెప్టెంబరు 9న ఉపరాష్ట్రపతి ఎన్నిక జరిగినది. దానికి పార్లమెంటు సభ్యులే ఓటర్లు. ప్రతిపక్షముల అభ్యర్థి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డిగారు ఉస్మానియాలో న్యాయశాస్త్రము చదివినవారగుటచే, మా ప్రాంగణమునను, తార్నాక చౌరస్తా టీ హోటళ్ళలోను ఆ వారమంతయు అదే చర్చ. సి.పి. రాధాకృష్ణన్‌గారికి 452, సుదర్శన్ రెడ్డిగారికి 300 వచ్చినవి, 15 చెల్లలేదు. తమవారు 315 మంది ఓటు వేసిరని ప్రతిపక్షము ముందే చెప్పియుండెను. ఆ పదునైదుగురు పక్షము మారిరా, లేక వారికి ఓటు వేయుటయే చేతకాలేదా? మా విద్యార్థులు దీనిపై రెండు జట్లుగా చీలి వాదించిరి. టీ చల్లారినది గాని వాదము తెగలేదు. తెగదు కూడ, ఏలననగా ఆ కాగితములపై పేర్లు లేవు.

మీ మండల పరిషత్తు అధ్యక్షుని ఎన్నిక చేతులెత్తి జరుగును. అంతకుముందు సభ్యులను బస్సులెక్కించి క్యాంపులకు తీసికొనిపోవుట మీరెరుగనిది కాదు. అందు ఎన్ని చెడుగులున్నను, ఎవరి చేయి ఎవరికి లేచినదో సాయంత్రమునకు ఊరంతటికి తెలియును. రాష్ట్రపతి ఎన్నికను కూడ అట్లే చేయరాదా అని విద్యార్థులు అడుగుదురు. రాజ్యసభ ఎన్నికలలో 2003 నుండి పార్టీ ఏజెంటునకు ఓటు చూపించి వేయుచున్నారు. 2006లో సుప్రీంకోర్టు దానిని సమ్మతించినది. రాష్ట్రపతి విషయమున నేను దానికి ఒప్పుకొనను. ఓటు చూపింపవలసి వచ్చినచో చూచువాడు పార్టీ అధినేతయే, మీరు కారు. అప్పుడు అంతమంది సభ్యులను పిలిపించుట యెందుకు? అధినేతలు పదిమంది కూర్చుండి వ్రాసికొనినను చాలును.

కావున ఓటు రహస్యముగనే యుండనిండు; మాట మాత్రము ముందుగా బయటికి రావలెను. 2022 జూలైలో ఎన్నికైన రాష్ట్రపతి పదవీకాలము 2027 జూలైతో ముగియును. ఆ యెన్నికకు ఒక నెల ముందు మీ శాసనసభ్యుని ఈ గ్రంథాలయమునకు పిలువుడు. ఎవరికి ఓటు వేయుదురో, పార్టీ మాటపై వేయుదురో, తమ మాటపై వేయుదురో అడుగుడు. వారు చెప్పినది కార్యదర్శిగారు సందర్శకుల పుస్తకమున తేదీతో వ్రాసి, క్రింద వారి సంతకము తీసికొని, ఆనాటి దినపత్రికలతోపాటు బీరువాలో భద్రపరుపవలెనని నా మనవి.