పాలేరును బడికి పంపిన కవి

పట్టభద్రులు కాబోవు చిరంజీవులారా!

స్నాతకోత్సవ సభలలో ఉపనిషద్వాక్యములు వినిపించుట పెద్దల వాడుక. అవి మీరు వినియే యుందురు గనుక, నేడు నేను ఈ గోదావరి గడ్డమీదనే, కోనసీమలోని మామిడికుదురున, 1911 సెప్టెంబరు 19వ తేదీన ఒక నిరుపేద దళిత కుటుంబమున జన్మించి, ఆధునికాంధ్ర కవులలో తనదైన స్థానమును ఎవరి దయాదాక్షిణ్యములును కోరక సంపాదించుకొనిన బోయి భీమన్నగారిని గూర్చి ముచ్చటింప నెంచితిని.

మనము కూడియున్న ఈ మండపేట వరిచేల సీమ, బియ్యపు మిల్లుల సీమ. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప ఈ డెల్టాకు సమకూరిన సంపదను గూర్చి మన కవులు వ్రాయని పద్యము లేదు. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకు విగ్రహము లేని ఊరు కూడ అరుదే. కాని ఆ కాలువనీరు పొలమునకు పారించి, గట్లు వేసి, నారు మోసిన పాలేరును ఏ ప్రబంధమును నాయకునిగా గైకొనలేదు. కోడి కూయక మునుపే లేచి, శాలలో పేడ యెత్తి, పశువులకు కుడితి పెట్టి, అరక కట్టుకొని చేనికి పోయి, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఎడ్లకు గడ్డి వేసి, దొడ్డివాకిట దూరమున నిలిచి, పోసిన చల్ది త్రాగి పోవువాడు పాలేరు. వాని జీతము గింజలు. కరవుకు తెచ్చిన అప్పు గింజలు. తండ్రి తీర్పలేని బాకీకి కొడుకు పసులకాపరియై కామందు వాకిట చేరుట యొక పరిపాటి. ఆ పసులకాపరి చేతికి పలక నిచ్చినచో నేమగునని భీమన్నగారు స్వాతంత్ర్యమునకు మునుపే ఒక నాటకమున ఊహించిరి. అదియే ‘పాలేరు’.

కథ చిన్నది. పాలేరుతనమున నున్న కుఱ్ఱవాడు ఒక ఉపాధ్యాయుని ఆదరమున చదువుకొని డిప్యూటీ కలెక్టరగును. నాటక లక్షణజ్ఞులు దీనిలో లోపములు చూపగలరు. నాకును కొన్ని కనబడుచున్నవి. కాని ఆ నాటకమును ఊరూర ఆడుచుండగా చూచి, మరునాడు తమ బిడ్డను కామందు శాలనుండి తప్పించి బడిలో వేసిన తల్లిదండ్రులు పెక్కుమంది కలరని చెప్పుదురు. అలంకారశాస్త్రమున కావ్యప్రయోజనములను లెక్కించిన మమ్మటునికి ఈ ప్రయోజనము తట్టియుండదు.

పాలేరు చేతికి పలక నిచ్చు ఆ ఊహ గాలిలో పుట్టినది కాదు. భీమన్నగారు చదివినది కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలో. గత శతాబ్ది ప్రథమపాదమున రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు ప్రధానాచార్యులుగా ఉండి, అంటరానివారని దూరముంచబడినవారికి తలుపులు తెరచిన విద్యాలయ మది. ఒక అధ్యాపకుని నిశ్చయమువలన తెరువబడిన తలుపు పిమ్మట నాటకములో ఉపాధ్యాయపాత్రయై మరల కనబడినదని నేననుకొందును. ఇది నా ఊహ మాత్రమే సుమా. పత్రికారచన, ఉపాధ్యాయవృత్తి, పిమ్మట ప్రభుత్వ అనువాదశాఖలో సంచాలక పదవి, శాసనమండలి సభ్యత్వము: ఉద్యోగ చరిత్రకు ఇంత చాలును.

కవిత్వమున వారి పట్టుదల వేరు. రాజమహేంద్రవరమున కుసుమ ధర్మన్నగారు ‘మాకొద్దీ నల్లదొరతనము’ అని గర్జించిరి. జాషువాగారు తమ కావ్యమున గబ్బిలముతో కాశీ విశ్వేశ్వరునికి కబురంపిరి. భీమన్నగారు గర్జింపను గర్జించిరి, కాని పద్యమును పరులసొత్తని విడువలేదు. వ్యాసవాల్మీకులు తమవారేనని వాదించి, ఆ సంప్రదాయమునకు తాము వారసులమని పట్టుపట్టిరి. పద్యము, గేయము, నాటకము, వచనకవిత అన్నియు వ్రాసి, సుప్రభాత ప్రక్రియను దేవాలయమునుండి కొనివచ్చి ‘అంబేద్కర సుప్రభాతము’ రచించిరి. కొందఱు యువవిమర్శకులకు ఈ సంప్రదాయ ప్రీతి రుచింపలేదు. నా మట్టుకు నాకు, ఆస్తిలో పాలు అడుగువాడు ఇల్లు తగులబెట్టడు గదా యని తోచును.

తగులబెట్టినవారు వేఱొకరు. ‘పాలేరు’ వ్రాసిన కవి, చదువు వచ్చిన నాడు అంతయు చక్కబడునని నమ్మిన కవి, స్వాతంత్ర్యము వచ్చి పాతికేండ్లు గడచిన పిదప ‘గుడిసెలు కాలిపోతున్నై’ అను కావ్యమును వ్రాయవలసి వచ్చెను. దానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఇదే కాలమున బొంబాయిలో 1972లో దళిత పాంథర్స్ అను సంస్థ పుట్టెను. గుజరాతున 1978లో ‘ఆక్రోశ్’ పత్రిక వెలువడి నీరవ్ పటేల్ మున్నగు కవులకు వేదిక యైనది. దేశమంతట ఒకే వేడి. ‘పాలేరు’ అబద్ధమని ‘గుడిసెలు కాలిపోతున్నై’ చెప్పుచున్నదా? నేనట్లనుకొనను. కుఱ్ఱవాడు డిప్యూటీ కలెక్టరైనాడు, అది నిజము. వాని పేట తగులబడినది, అదియు నిజమే. పట్టము పుచ్చుకొన్నవాని యింటికి పేటలోని నిప్పు రాదను హామీ యెచ్చటను లేదు. 2022 మే నెలలో, కోనసీమ జిల్లాకు అంబేద్కరుగారి పేరు పెట్టుటను ఎదిరించి అమలాపురమున ఒక మంత్రిగారి యింటికే నిప్పుపెట్టిరి. భీమన్నగారు 2005లోనే కాలధర్మము నొందిరి గనుక అది చూడలేదు. చూచియుండినచో వారికి ఆశ్చర్యము కలిగియుండదు.

1973లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణము వారికి వచ్చినవి. తన ఆత్మకథకు పేరు పెట్టునపుడు సైతము ఆ పద్మశ్రీ బిరుదు ప్రక్కన పాలేరు అను మాటను వదలక నిలిపిరి. మీలో తాతగారు పాలేరుతనము చేసినవారును, తాతగారు పాలేరును పెట్టుకొన్నవారును ఇప్పుడు ఒకే బల్లమీద కూర్చుండియున్నారు. ఆ రెండు గ్రంథములను ఇరువురును కూడి చదువుడు. మొదట నాటకము, ఆ వెనుక కావ్యము. చదివిన పిమ్మట మీలో మీకు వాదము పుట్టక తప్పదు; పుట్టనిండు.

ఇక ప్రధానాచార్యులవారు పట్టముల జాబితా చేతబట్టుకొని నా వంక చూచుచున్నారు. మొదటి పేరు పిలువవచ్చును.