వెలుగుకూ మోతాదు ఉంది



మన సికింద్రాబాద్ పక్కనే బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. మరుసటి ఏడాది అదే వైద్య బహుమతి నీల్స్ ఫిన్సెన్‌కు దక్కింది, చర్మానికి పట్టిన క్షయకు కాంతితో చికిత్స చేసినందుకు. రాస్ మనకు బాగా తెలుసు. ఫిన్సెన్ మాత్రం, ఈ రోజు పట్టా అందుకుంటున్న ఫిజియోథెరపీ విద్యార్థులారా, కాంతి చికిత్సలో మీకు పూర్వీకుడు.

1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ ఎలుకల వెంట్రుకలు గొరిగి, క్యాన్సర్ వస్తుందేమో చూడటానికి చర్మం మీద బలహీనమైన రూబీ లేజర్ వేశాడు. క్యాన్సర్ రాలేదు సరికదా, వెంట్రుకలు త్వరగా మొలిచాయి. ఆ తర్వాత మానని పుండ్ల మీద ప్రయోగించాడు. ఈ లేజర్ కోయదు, కాల్చదు. ఎరుపు, పరారుణ కాంతిని మైటోకాండ్రియా గ్రహించడం వల్ల కణానికి శక్తి పెరుగుతుందని చెబుతారు.

అయితే మందులాగే దీనికీ మోతాదు ఉంది. 100 మిల్లీవాట్ల ప్రోబ్ 40 సెకన్లు పెడితే 4 జౌళ్లు. తక్కువైతే పనిచేయదు, మరీ ఎక్కువైతే మానడాన్నే ఆపవచ్చు. కేస్‌షీట్‌లో "లేజర్ ఇచ్చాం" అని రాసి వదిలేయకండి. తరంగదైర్ఘ్యం, జౌళ్లు, ఎంత చోటు మీద ఇచ్చారు, అన్నీ రాయండి.

క్యాన్సర్ చికిత్సలో నోరు పూయకుండా లేజర్ ఇవ్వడాన్ని అంతర్జాతీయ మార్గదర్శకాలే సిఫారసు చేస్తున్నాయి. కుష్ఠు వల్ల వచ్చిన పుండ్ల మీద బ్రెజిల్‌లో జరిగిన పరీక్షలో మాత్రం అదనపు మేలేమీ కనబడలేదు. ఆ ఫలితం 2010లో అచ్చయింది. రెండూ చదవండి.

రేపు మీ ముందు ఒక షుగరు పేషెంట్ కాలు చాపుతారు. బొటనవేలి మొదట్లో ఆనె, దాని నడుమ పుండు, స్పర్శ లేదు, అరిగిన హవాయి చెప్పులు. ముందు ఆ చెప్పులు చూడండి. పాదంలో నాడి అందుతోందా చూడండి. ఆనె తీయించండి, మెత్తని ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు రాయించండి. ఒత్తిడి తగ్గకుండా ఎన్ని లేజర్ సిట్టింగులిచ్చినా, నడిచిన ప్రతిసారీ ఆ పుండు మళ్లీ రేగుతుంది.

డబ్బు తీసుకునే ముందే చెప్పండి: "అమ్మా, ఈ లైటు సాయపడొచ్చు, పడకపోవచ్చు. షుగరు అదుపులో ఉండాలి, చెప్పులు మార్చాలి." ప్రతి వారం పుండు కొలవండి. నాలుగు వారాలకు సగమైనా తగ్గకపోతే సర్జన్ దగ్గరికి పంపండి. వేలు నల్లబడితే ఆ రోజే పంపండి.