పలికినవాళ్లందరూ హాజరేనా?

(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. నేను పనిచేసేది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ అనే భాగం మీద. అది చేసే వంద పనుల్లో ఒక్కటే చెబుతాను: పక్క కంప్యూటర్ చిరునామా కనుక్కోవడం.

నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటర్‌కూ రెండు గుర్తింపులుంటాయి. మొదటిది ఐపీ అడ్రస్. మనం ఎక్కువగా వాడే రకంలో ఇది 32 బిట్ల సంఖ్య. రోల్ నంబరు లాంటిది, తరగతి మారితే మారిపోతుంది. రెండోది మ్యాక్ అడ్రస్, 48 బిట్లు. నెట్‌వర్క్ కార్డు తయారీలోనే ఇస్తారు కాబట్టి మనిషి ముఖం లాంటిదనుకోండి. ప్రోగ్రాములు రోల్ నంబరుతో పిలుస్తాయి. సమాచారం పక్క కంప్యూటర్‌కు చేరాలంటే మాత్రం ముఖం తెలియాలి.

ఈ రెండింటినీ జతచేసే పద్ధతిని 1982 నవంబరులో డేవిడ్ ప్లమర్ ఆర్.ఎఫ్.సి. 826 అనే పత్రంలో వివరించారు. దాని పేరు ఏఆర్‌పీ. అచ్చం మన మాస్టార్లు హాజరు పిలిచినట్టే ఉంటుంది. "ఈ నంబరు ఎవరిది?" అని ఒక కంప్యూటర్ అందరికీ వినపడేలా అడుగుతుంది. అందరూ వింటారు, ఆ నంబరు గలది మాత్రమే "నాది, ఇదిగో నా మ్యాక్ అడ్రస్" అని పలుకుతుంది.

లినక్స్ కెర్నెల్ ఈ జవాబును నైబర్ టేబుల్ అనే పట్టికలో రాసుకుంటుంది. జవాబు వచ్చేదాకా పంపాల్సిన ప్యాకెట్లను తన దగ్గరే ఉంచుకుంటుంది. సెకనుకోసారి చొప్పున మూడుసార్లు పిలిచినా ఎవరూ పలకకపోతే దొరకలేదని చెప్పేస్తుంది. ఈ అంకెలన్నీ మొదట పెట్టి ఉండేవి, అవసరాన్నిబట్టి మార్చుకోవచ్చు.

దొరికిన చిరునామాను కూడా కెర్నెల్ శాశ్వతమని నమ్మదు. 15 నుంచి 45 సెకన్ల వరకు తాజాదిగా చూస్తుంది. ఆ తర్వాత 'స్టేల్', అంటే పాతబడింది, అని గుర్తు పెడుతుంది. వెంటనే కొట్టివేయదు. మళ్లీ పని పడినప్పుడు పాత చిరునామాకే పంపి, ఐదు సెకన్లు చూస్తుంది. అవతలివారికి ముట్టినట్టు కబురు వస్తే సరే. రాకపోతే నేరుగా ఆ చిరునామానే "ఉన్నావా?" అని అడుగుతుంది. మూడుసార్లు అడిగినా జవాబు లేనప్పుడే ఆ చిరునామాను వదిలేస్తుంది.

ఇక ఇందులోని లోపం. హాజరులో ఒకరి బదులు మరొకరు పలకడం ఈ సభలో ఎవరికీ తెలియదని నేననుకోను. మాస్టారు తలెత్తి చూస్తే దొరికిపోయేవారు. ఏఆర్‌పీకి తలెత్తి చూసే ఏర్పాటు లేదు. పలికినవాడే ఆ నంబరువాడని నమ్ముతుంది. బయటికి వెళ్లే దారి, అంటే గేట్‌వే, నేనేనని ఒక దొంగ కంప్యూటర్ పలికితే అందరి సమాచారమూ దాని చేతిమీదుగా పోతుంది. దీన్నే ఏఆర్‌పీ స్పూఫింగ్ అంటారు.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. అడగకుండానే "నా చిరునామా ఇది" అని ఎవరైనా చాటితే, పట్టికలో లేనివారిని లినక్స్ మామూలుగా చేర్చుకోదు. ముందే పట్టికలో ఉన్న నంబరైతే మాత్రం కొత్త చిరునామా దిద్దుకుంటుంది. మోసగాడికి కావలసింది మనకు పరిచయమున్న పేరే. అందుకే పెద్ద సంస్థల్లోని స్విచ్‌లు ఇలాంటి జవాబును తమ దగ్గరున్న జాబితాతో సరిచూస్తాయి. బ్యాంకు సైటు తెరిచినప్పుడు మన బ్రౌజరు కూడా ఆ సైటు సర్టిఫికెట్ విడిగా పరిశీలిస్తుంది.

మన సంఘం చిరునామాల పుస్తకం తయారవుతోంది కాబట్టి ఇదంతా చెప్పాను. "నేను మీ బ్యాచ్ వాడినే, నంబరు మారింది, ఆస్పత్రిలో ఉన్నాను, కాస్త డబ్బు పంపు" అనే సందేశాలు ఇప్పుడు ఎందరికో వస్తున్నాయి. పేరు తెలిసినదే కదా అని నమ్మకండి. పాత నంబరుకు ఫోన్ చేయండి, లేదా ఆ మిత్రుణ్ణి ఎరిగిన ఇంకొకరిని అడగండి. మారిన నంబరును పుస్తకంలో దిద్దేముందు కార్యవర్గం కూడా ఆ పని చేయాలని నా మనవి.

రెండో మనవి మన గురువుల గురించి. రిటైరయ్యాక పిల్లల దగ్గరికి వెళ్లినవారు, ఊరు మారినవారు ఉంటారు. ఆహ్వానం తిరిగివచ్చిందని వారి పేర్లు కొట్టివేయవద్దు. 'పాతబడింది' అని గుర్తు పెట్టి, ఒక్కో పేరును ఒక్కో బ్యాచ్ తీసుకుని, నేరుగా వెళ్లి కనుక్కుందాం. మా బ్యాచ్‌కు ఎన్ని పేర్లు ఇచ్చినా తీసుకుంటాం.