రొంటిలోని పైకము

కదలిపోవుచున్న బస్సును పది అంగలు పరుగెత్తి అందుకొందుము. ఆ పరుగునకు శక్తి ఎక్కడిదని జీవరసాయనము చదువ నారంభించిన విద్యార్థిని అడిగిన, ఉదయము తిన్న ఇడ్డెనలదని చెప్పును. తప్పు కాదు. కాని ఆ ఆహారము కండరములలో గ్లైకోజెన్ రూపమున, గాదెలోని ధాన్యమువలె ఉండును. ధాన్యము కొలిచి, అమ్మి, సొమ్ము చేసికొనువరకు బస్సు ఆగదు గదా! కండరమునకు చెల్లు నాణెము అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏ.టి.పి. ఒక్కటే. అది గట్టి పరుగున కొద్ది సెకండ్లకే సరిపోవును. అప్పుడు ఆదుకొనునది రొంటిని దోపుకొన్న పైకము, ఫాస్ఫోక్రియాటిన్. అది తన ఫాస్ఫేటును ఇచ్చివేసి, ఖర్చయిన నాణెమును మరల చెల్లునట్లు చేయును. ఈ నిలువయు ఇంచుమించు పది సెకండ్లదే. అంతలో గాదె తెరచుకొనును.

1927లో హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కూడి దీనిని కనుగొన్నవారు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. భాస్వరమును కొలుచుటకు 1925లో వారిద్దరు ఒక పద్ధతిని ప్రకటించియుండిరి. ద్రవమున ఆమ్లమును, మాలిబ్డేటును చేర్చి క్షయకరణము కావించిన నీలిరంగు వచ్చును. రంగు ఎంత చిక్కనో, ఫాస్ఫేటు అంత. కండరపు రసమున మాత్రము రంగు ఒక్కసారిగా రాక, నిలువయుంచిన కొలదిని ముదురుచుండెను. కొలత చెడినదని పాత్ర కడిగివేయుట సులభము; వారు కడిగివేయలేదు. ఏదో పదార్థము ఆ ఆమ్లమున విచ్చిపోవుచు, తాను పట్టియుంచిన ఫాస్ఫేటును కొంచెము కొంచెముగా విడుచుచున్నదని గ్రహించిరి. అదే యేట ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులకును దీని జాడ తెలిసినది. ఏ.టి.పి. బయటపడుట 1929లో, అందును ఫిస్కే, సుబ్బారావుగార్లతోపాటు జర్మనీలో లోమన్ పాలుపంచుకొనెను.

ఈ పైకమునకు అరుగుదల కలదు. క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌లలో స్వల్పభాగము ప్రతిదినము తనంత తానే క్రియాటినిన్‌గా మారును. మూత్రపిండములు దానిని వడగట్టి పంపివేయును. రక్తపరీక్ష చీటీపై ఆ పేరు మీరు చూచియే యుందురు. అంకె పెరిగిన మూత్రపిండములను శంకింతురు. అయితే అది కండను బట్టియు మారును. కండగల యువకునికిని, చిక్కిపోయిన ముసలమ్మకును ఒకే అంకె వచ్చెననుకొనుడు. యువకుని మూత్రపిండములు బాగుగనే ఉండవచ్చును. ముసలమ్మకు కండ తక్కువ గనుక, ఆ అంకె ఇంకను తక్కువ ఉండవలసినది. ఆమె మూత్రపిండములు అప్పటికే నీరసించియుండవచ్చును. చీటీ చూచిన వైద్యుడు వయస్సెంతని అడుగుట అందుకే.