అనుదిన జీవితములో ఆత్మ నడిపింపు
(సైనిక్‌పురి గృహ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మన సైనిక్‌పురిలో సైన్యమునందు పనిచేసి విశ్రాంతి తీసుకొనుచున్న కుటుంబములు అనేకము ఉన్నవి. ఆజ్ఞ అనగా ఏమిటో వారికి వేరుగా చెప్పనక్కరలేదు. అది పై నుండి వచ్చును, స్పష్టముగా ఉండును, దానికి ఎదురు మాట లేదు. పరిశుద్ధాత్మ నడిపింపు కూడ అట్లే వచ్చునని మనలో చాలమంది ఎదురు చూచెదము. రానప్పుడు దిగులుపడెదము. లేక మన కోరికనే ఆజ్ఞగా ఎంచి, ఆత్మ నాతో చెప్పెను అందుము. పాస్టరేట్ కమిటీ ఎన్నికల దినములలో ఈ మాట కొంచెము ఎక్కువగా వినబడును!

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము చూడుడి. పౌలు ఆసియలో వాక్యము చెప్పకుండ ఆత్మ ఆటంకపరచెను. బితూనియకు వెళ్లజూచిరి, అదియు కుదరలేదు. రెండు తలుపులు మూయబడిన తరువాతనే త్రోయలో దర్శనము కలిగెను. దర్శనము చూచినది పౌలు ఒక్కడే. బయలుదేరుటకు నిశ్చయించుకొన్నది మాత్రము అందరును. లూకా సరిగా అక్కడనే ‘మేము’ అని వ్రాయ మొదలుపెట్టుట గమనింపదగినది. పైగా దర్శనములో పిలిచినది ఒక పురుషుడు. ఫిలిప్పీలో నదీతీరమున మొదట వాక్యము విన్నది స్త్రీలు.

మన తెలుగు సంఘ చరిత్రలోను ఇట్టి నడిపింపు కనబడును. తిరునెల్వేలి తమిళుడైన అజరయ్యగారు 1903లో స్వదేశ మిషనరీ సంఘము స్థాపించుటలో ముందు నిలిచిరి. ఆ సంఘము నైజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతమును ఎంచుకొనెను. 1909లో ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శి పదవి విడిచి, తామే అక్కడికి వచ్చిరి. ముప్పదియైదు ఏండ్ల ప్రాయమున తెలుగు నేర్చుకొనవలసి వచ్చెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆ ఘనతను మనము తరచు చెప్పుకొందుము. తెలుగు అక్షరములు దిద్దిన దినములను అంతగా తలచుకొనము.

ఇక మన ఇండ్ల సంగతి. స్థలము పంపకములో మాటలు మానుకొన్న అన్నదమ్ములు ఒకే వరుసలో మోకరించి ప్రభు బల్లలో పాలు పొందుచున్నారు. కట్నము పుచ్చుకొనుచునే, ఇది దేవుడు కుదిర్చిన సంబంధము అనుచున్నాము. కట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినది. దేశపు చట్టము నిషేధించిన దానిని ఆత్మ పేరున ఎట్లు అంగీకరింతుము? ‘మేము ప్రార్థించి నిశ్చయించుకొన్నాము’ అని మగపెండ్లివారు చెప్పునప్పుడు, ఆ ‘మేము’లో పిల్ల తండ్రి ఉన్నాడా? అప్పు పత్రము మీద సంతకము చేయవలసినవాడు ఆయనే గదా. పిల్లను అడిగితిమా? గలతీ పత్రిక 5వ అధ్యాయములో చెప్పబడిన ప్రేమ, దయ, మంచితనము అను ఫలములు కల్యాణ మండపములో కాక, బేరము జరిగిన గదిలో వెదకవలెను.

కనుక సంబంధము కుదుర్చుకొనబోవు కుటుంబములు ముందుగా సంఘములోని ఇద్దరు పెద్దలను, ఒక అనుభవముగల సహోదరిని పిలిచి, వారితో ప్రార్థించి, ఇచ్చిపుచ్చుకొనుటలన్నియు వారి యెదుట విప్పి చెప్పవలెనని కోరుచున్నాము. చెప్పుటకు సిగ్గు కలిగిన యెడల అక్కడ ఆగుడి. పౌలు కూడ బితూనియ పొలిమేరలో ఆగెను. వచ్చే ఆదివారము మన గుడిలో రెండు వివాహ ప్రకటనలు చదువబడనున్నవి గనుక, ఈ మాట ఈ రాత్రియే చెప్పవలసి వచ్చినది.